ధ్రువకాంతుల పైన వేల వోల్టుల విద్యుత్ క్షేత్రం ఎలా నిలుస్తుంది?

ప్రశ్న:
ధ్రువకాంతిని (ధ్రువ ప్రాంతాల ఆకాశంలో కనిపించే వెలుగు, అరోరా) వెలిగించే ఎలక్ట్రాన్లు సూర్యుడి నుంచి ఆ వేగంతోనే నేరుగా వచ్చి పడవనీ, వేల కిలోమీటర్ల ఎత్తున అయస్కాంత బలరేఖల వెంబడి ఉండే విద్యుత్ క్షేత్రం వాటిని కిందికి తోస్తుందనీ చదివాను. కానీ ప్లాస్మాలో (విడివడిన విద్యుదావేశ కణాలతో నిండిన వాయువులో) ఎలక్ట్రాన్లు బలరేఖ వెంట స్వేచ్ఛగా కదులుతాయి కాబట్టి, అక్కడ ఏ వోల్టేజీ భేదం ఏర్పడినా అవే వెంటనే దానిని చెరిపేయాలి కదా? తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1:
మీ సందేహం సరైనదే. 1958లో భౌతిక శాస్త్రవేత్త హానెస్ ఆల్వేన్ ఇలాంటి క్షేత్రాన్ని ప్రతిపాదించిన తరువాత చాలాకాలం వినిపించిన అభ్యంతరం కూడా ఇదే. చిక్కంతా "స్వేచ్ఛగా" అన్న మాటలో ఉంది. భూమికి దగ్గరయ్యేకొద్దీ అయస్కాంత క్షేత్రం బలపడుతుంది కనుక, కిందికి దిగే ఎలక్ట్రాన్లలో అత్యధికం దారిలోనే వెనుదిరుగుతాయి. దాదాపు బలరేఖ దిశలోనే సాగే కొన్ని మాత్రమే వాతావరణం దాకా చేరతాయి. అయనోవరణం (వాతావరణంలో విద్యుదావేశ కణాలుండే పై పొర) నుంచి విద్యుత్ ప్రవాహం పైకి పారాలంటే రుణావేశం గల ఎలక్ట్రాన్లు కిందికి రావాలి; అందుకు ఆ కొన్ని చాలనప్పుడు, బలరేఖ వెంబడి పొటెన్షియల్ (వోల్టేజీ) భేదం ఏర్పడి, ఎలక్ట్రాన్లకు ఆ దిశలో వేగాన్ని పెంచి, మరిన్నింటిని కిందికి చేరుస్తుంది. ప్రవాహానికీ వోల్టేజీకీ మధ్య ఉండే ఈ సంబంధాన్ని 1973లో నైట్ అనే శాస్త్రవేత్త లెక్కగట్టాడు. అంత ఎత్తులో ప్లాస్మా చాలా పలుచగా ఉండటం కూడా ఇందుకు తోడ్పడుతుంది.

జవాబు 2:
పై వివరణకు కొలతల ఆధారం కూడా చేర్చాలి. 1960లో మెక్‌ఇల్వేన్ అనే శాస్త్రవేత్త వెల్లడించిన రాకెట్ ప్రయోగంలో ఎలక్ట్రాన్లు దాదాపు ఒకే శక్తితో, సుమారు 6 కిలో ఎలక్ట్రాన్ వోల్టులతో (6 వేల వోల్టుల భేదాన్ని దాటిన ఎలక్ట్రాన్ పొందే శక్తి), కనిపించాయి. అన్నీ ఒకే వోల్టేజీ భేదాన్ని దాటి వస్తే అలాగే ఉండాలి. 1976లో ఎగిరిన ఎస్3-3 ఉపగ్రహం బలమైన విద్యుత్ క్షేత్రాలతో పాటు పైకి ఎగసే అయాన్ పుంజాలనూ గుర్తించింది. ఎలక్ట్రాన్లను కిందికి దించే క్షేత్రం ధనావేశ కణాలను పైకే పంపాలి గనుక, నా దృష్టిలో ఇంతకన్నా గట్టి సాక్ష్యం లేదు.

జవాబు 3:
అయితే స్థిరమైన వోల్టేజీ ఒక్కటే కారణమని అనుకోకూడదు. బలరేఖల వెంట ప్రయాణించే ఆల్వేన్ తరంగాలలోనూ (ప్లాస్మాలో బలరేఖలు తీగల్లా కంపించడం వల్ల పుట్టే తరంగాలు) ఆ దిశలో విద్యుత్ క్షేత్రం ఉంటుంది. తరంగంతో ఇంచుమించు సమాన వేగం గల ఎలక్ట్రాన్లు దాని నుంచి శక్తిని గ్రహిస్తాయి. కాలిఫోర్నియాలోని పెద్ద ప్లాస్మా యంత్రంలో దీనిని నేరుగా చూపిన ఫలితాలు 2021లో వెలువడ్డాయి. ఇలా వచ్చే ఎలక్ట్రాన్లకు ఒకే శక్తి కాక విస్తృతమైన శ్రేణి ఉంటుంది. గురుగ్రహం వద్ద జూనో నౌక 4 లక్షల వోల్టుల దాకా పొటెన్షియల్ భేదాలను గుర్తించినా, అక్కడి అతి తీవ్రమైన ధ్రువకాంతులలో కనిపించింది ఎక్కువగా ఈ రెండో రకం ఎలక్ట్రాన్లే.