సిపి జలపాతం కోసం కంపాలా నుంచి అంత దూరం వెళ్ళాలా?

కంపాలా కోడలు:
మేం ఉగాండా వచ్చి ఏడు నెలలైంది. వచ్చే నెల వరసగా నాలుగు రోజులు సెలవులు. జింజా చూసేశాం, ఈసారి కప్చోర్వా జిల్లాలో సిపి అంటున్నారు మావారు. అంత దూరం పడి వెళ్తే నీళ్ళు పడ్డం తప్ప ఇంకేమైనా ఉందా? అత్తయ్యగారు వచ్చి ఉన్నారు. ఆవిడ గుడ్డు కూడా ముట్టరు, పైగా మోకాళ్ళ నొప్పులు. బాబుకి ఎనిమిదేళ్ళు. వెళ్ళొచ్చినవాళ్ళు కాస్త చెప్పండి.

హరి జింజా:
తెల్లారకముందే బయల్దేరితే మధ్యాహ్నం భోజనం వేళకి సిపిలో ఉంటారు. దాదాపు 280 కిలోమీటర్లు. ఒక్క రాత్రి చాలు, ఫొటోలు దిగి వచ్చేయండి.

పాడేరు బాబు:
ఒక్క రాత్రి అంటే నేనొప్పుకోను హరిగారూ. ఎంబాలేలో నాలుగేళ్ళు ఒక గోడౌన్లో లెక్కలు రాశాను, సెలవు దొరికితే ఆ కొండెక్కేవాణ్ణి.

జలపాతం గంట పని. మూడున్నాయి, అన్నిటికన్నా కిందిదే పెద్దది, వంద మీటర్ల దాకా ఉంటుంది. అత్తయ్యగారిని కిందికి దింపకండి, వాన పడితే ఆ ఎర్రమట్టి సబ్బులా జారుతుంది. ఎదురు గట్టు మీద కుర్చీ వేస్తే చాలు, బాగా కనిపిస్తుంది.

అసలు చూడాల్సింది కాఫీ. ఉగాండాలో ఎక్కువగా పండేది రొబస్టా, ఈ ఎల్గాన్ కొండ మీద మాత్రం అరబికా. మా నాన్నకి పాడేరు దగ్గర రెండెకరాల తోట ఉంది. అందుకే సిపిలో తోట చూడగానే నా నోట వచ్చిన మొదటి మాట, "మిరియం పాదు ఏదీ?" అని. మనకి నీడకి సిల్వర్ ఓక్, దాని మీదికి మిరియం. వాళ్ళకి నీడకి అరటి, సందుల్లో బీన్స్.

ఒకింటి ముసలమ్మ ఎండిన గింజల్ని రోట్లో పోసి దంచింది, చేటతో చెరిగింది, కట్టెల పొయ్యి మీద మూకుడు పెట్టి వేయించి మళ్ళీ దంచింది. మా అమ్మ రాగులు దంచుతూ "హుమ్" అనేది చూడండి, అచ్చం అదే. నాకు కాఫీ ఇచ్చి, తను మాత్రం పాలు పోసిన టీ తాగింది. మా ఇంట్లోనూ అంతే, పండించేది కాఫీ, తాగేది టీ. చెట్టు పూత మీదుండగానే దళారి అడ్వాన్సు చేతిలో పెట్టి పోతాడట. ఆ సంగతి నాకు ఒకరు విడమర్చి చెప్పక్కర్లేదు.

రెండో రోజు పొద్దున్నే బాబుని లేపి కప్చోర్వా రోడ్డు మీద నిలబెట్టండి. పరుగెత్తేవాళ్ళు గుంపులు గుంపులుగా వస్తారు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మారథాన్ స్వర్ణం గెలిచిన స్టీఫెన్ కిప్రోటిచ్ ఇక్కడివాడే. 1972లో జాన్ అకీ-బువా గెలిచిన దాని తర్వాత ఉగాండాకి మళ్ళీ వచ్చిన మొదటి ఒలింపిక్ స్వర్ణం అదే. జాషువా చెప్టెగేదీ ఈ జిల్లానే, 2020లో 5000, 10000 మీటర్లు రెండింటిలోనూ ప్రపంచ రికార్డులు కొట్టాడు. ఓసారి ఎక్కుడులో నేనెక్కిన బోడాని, అదే బైకు టాక్సీని, ఇద్దరు బడిపిల్లలు పరుగున దాటేశారు. బండివాడు నన్ను దిగి నడవమన్నాడు.

కంపాలా కోడలు:
😄 మరి తిండి సంగతి?

పాడేరు బాబు:
పోషో అంటే మొక్కజొన్న సంకటే, తెల్లగా ఉంటుంది. దాంతో బీన్స్ పులుసు. చపాతీలూ దొరుకుతాయి. ఆవకాయ సీసా మాత్రం మర్చిపోకండి. దారిలో ఎంబాలేలో మలేవా అడగండి. వెదురు కొమ్ముల్ని పొగకి ఎండబెట్టి వేరుశనగ ముద్దలో వండుతారు. వెదురు కొమ్ములు తిని పెరిగినవాడికి అదొక్కటి చాలు, కానీ ఆ పొగ వాసన అందరికీ పడదు.

టీచరమ్మ:
ఇక్కడివాళ్ళని సబీనీలు అంటారు. కప్చోర్వా అంటే వాళ్ళ భాషలో స్నేహితుల ఇల్లు అని అర్థం. సున్తీ గురించి చదివి భయపడతారేమోనని చెప్తున్నా. ఆడపిల్లలకి చేయడాన్ని నిషేధిస్తూ 2010లో చట్టం వచ్చింది, అయితే అంతకు చాలా ముందే, 1990లలోనే, సబీనీ పెద్దలు కొందరు వద్దని నిలబడ్డారు. పూర్తిగా పోయిందని మాత్రం అనలేను. ఎవరింట్లోనైనా కూర్చున్నప్పుడు ఆ విషయం మీరై ఎత్తకండి.

కంపాలా కోడలు:
అలాగేనండి. రెండు రాత్రులకి గది చెప్పేశాం. అత్తయ్యగారు ఇందాకటి నుంచి ఒకటే అడుగుతున్నారు, ఆ రోలు రాతిదా చెక్కదా అని.

పాడేరు బాబు:
చెక్కదేనండి. పెద్దావిడ కదా అని కూర్చోబెడతారనుకోకండి, రోకలి చేతికిస్తారు.