అప్‌డేట్: రిమైండర్ మెయిల్ పదేపదే వెళ్లడం ఆగింది

పోయినసారి అడిగింది ఇదీ: గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీకి జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్), సెలరీ (జాబ్‌లను, అంటే పనులను, వెనకాల నడిపే టూల్), రెడిస్ (ఆ జాబ్‌ల క్యూ ఉండే చోటు)తో యాప్ చేస్తున్నాను. బస్తాలు దింపగానే వ్యాపారికి రసీదు మెయిల్, సాయంత్రం బాకీ రిమైండర్ వెళ్లాలి. రసీదు జాబ్ అప్పుడప్పుడు 'రికార్డు లేదు' అని ఫెయిలయ్యేది. రిమైండరేమో ఒకే మనిషికి మళ్లీ మళ్లీ వెళ్లేది.

మొదటిది మీరు చెప్పినట్టే. డేటాబేస్‌లో రికార్డు కమిట్ కాకముందే (పక్కాగా సేవ్ కాకముందే) వర్కర్ (జాబ్‌లు నడిపే ప్రాసెస్) జాబ్ అందుకుంటోంది. జాబ్ వేయడాన్ని జాంగో ఆన్ కమిట్‌లోకి (కమిట్ అయ్యాకే నడిచే చోటికి) మార్చాక ఆ గొడవ లేదు.

రెండోదే అసలు తలనొప్పి. రెడిస్ బ్రోకరైతే (జాబ్‌లను వర్కర్‌కి అందించేదైతే) సెలరీలో విజిబిలిటీ టైమౌట్ డీఫాల్టుగా 1 గంట. ఆలోపు వర్కర్ అక్‌నాలెడ్జ్ చేయకపోతే (ఇక ఈ జాబ్ నాది అని బ్రోకర్‌కి చెప్పకపోతే) అదే జాబ్ మళ్లీ క్యూలోకి వస్తుంది. పొద్దున వేసిన జాబ్‌కి సాయంత్రం ఈటీఏ (నడవాల్సిన టైమ్) ఇస్తే, వర్కర్ అప్పటిదాకా అక్‌నాలెడ్జ్ చేయకుండా దాన్ని పట్టుకుని కూర్చుంటుంది. ఈలోగా గంటగంటకూ ఇంకో కాపీ తయారు! టైమ్ కాగానే అన్నీ ఒకేసారి బయల్దేరేవి.

టైమౌట్ పెంచమన్నారు ఒకరు. పనిచేస్తుంది గానీ, వర్కర్ నిజంగా పడిపోతే ఆ జాబ్ తిరిగి రావడానికీ అంతసేపు ఆగాలి. అందుకే ఈటీఏ తీసేశాను. సెలరీ బీట్ (టైమ్ ప్రకారం జాబ్‌లు వేసే భాగం) 15 నిమిషాలకోసారి టేబుల్ చూసి, టైమైనవాటినే క్యూలో వేస్తోంది. జాబ్ కూడా పంపే ముందు ఒకే అప్‌డేట్ క్వెరీతో ఆ రికార్డును తన పేర రాసుకుంటుంది. అప్పటికే ఇంకొకటి రాసుకుని ఉంటే వదిలేస్తుంది.

ఒక్క చిక్కు మిగిలింది. పంపుతుండగా వర్కర్ ఆగిపోతే మెయిల్ వెళ్లిందో లేదో తెలియదు. రసీదైతే మళ్లీ పంపుతున్నాం, రిమైండరైతే లేదు. బాకీ సంగతి రెండుసార్లు గుర్తుచేస్తే ఏ వ్యాపారీ ఊరుకోడు మరి.