కెప్టెన్ అమెరికాను పుట్టించింది యుద్ధ ప్రచారమా, ఇద్దరు కుర్రాళ్ళ కోపమా?

పాతపుస్తకాలపిచ్చి:
మొన్న మా అబ్బాయి తెలుగు డబ్బింగ్‌లో కెప్టెన్ అమెరికా సినిమా చూస్తుంటే మా బావమరిది "కుర్రాళ్ళని సైన్యంలోకి లాగడానికి అమెరికా ప్రభుత్వం కట్టించిన వేషం" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఈ మాట చాలామంది నోట విన్నాను. నేను ఒప్పుకోను. తేదీలు చూడండి. ఈ హీరో పుట్టిన కామిక్ పుస్తకం మొదటి సంచిక మీద 1941 మార్చి అని ఉంటుంది గానీ, అది అంగళ్ళలోకి వచ్చింది 1940 డిసెంబరు 20న. అమెరికాను యుద్ధంలోకి దింపిన జపాన్ బాంబులు పెర్ల్ హార్బర్ మీద పడింది 1941 డిసెంబరు 7న. అంటే అమెరికా ఇంకా తటస్థ దేశంగా ఉన్నప్పుడే, యుద్ధానికి దాదాపు ఏడాది ముందే, పది సెంట్ల పుస్తకం అట్ట మీద కెప్టెన్ గుద్దుకి హిట్లర్ దవడ పగిలింది. ప్రభుత్వం ఇంకా తేల్చుకోని మాట జో సైమన్, జాక్ కిర్బీ అనే ఇద్దరు బొమ్మలవాళ్ళు ముందే అనేశారు. దాన్ని సర్కారీ ప్రచారం అంటే ఎలా?

నిజాంపేటరీడర్:
అన్నా, తేదీలు సరే, కథ చూడు. కెప్టెన్ అమెరికాగా మారే స్టీవ్ రోజర్స్ బక్కపల్చటి కుర్రాడు. సైన్యంలో చేరతానంటే పనికిరావని పంపేస్తారు. ప్రొఫెసర్ రైన్‌స్టైన్ మందు ఎక్కించగానే కండలు తిరిగిన సైనికుడవుతాడు. కథ నడిచేది క్యాంప్ లీహై అనే సైనిక శిబిరంలో. ఒంటి మీద జెండా రంగులు. శాంతికాలంలోనే యువకుల్ని సైన్యంలోకి తీసుకునే చట్టం 1940 సెప్టెంబరులో వచ్చింది, మూడు నెలలకే ఈ పుస్తకం. ఎవరూ జీతమిచ్చి రాయించకపోవచ్చు, గాలి మాత్రం అటే వీస్తోంది కదా. పైగా జెండా వేషం వీళ్ళ ఆలోచన కూడా కాదు. పోటీ కామిక్స్ కంపెనీ ఎంఎల్‌జే వాళ్ళ జెండా వేషపు హీరో 'షీల్డ్' 1940 మొదట్లోనే వచ్చేశాడు. వాళ్ళు అభ్యంతరం చెప్పబట్టే కదా కెప్టెన్ చేతిలో కోణాలున్న డాలు రెండో సంచికకల్లా గుండ్రంగా మారింది!

పాతపుస్తకాలపిచ్చి:
తమ్ముడూ, డాలు సంగతి ఒప్పుకున్నా. కానీ గాలి అంతా ఒక్కవైపే వీచిందనకు. 1939 ఫిబ్రవరిలో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో అమెరికాలోని నాజీ అనుకూల సంఘం జర్మన్ అమెరికన్ బండ్ సభకు ఇరవై వేలమంది వచ్చారు, నాజీ సెల్యూట్లు కొట్టారు. ఈ పుస్తకం చేసినవాళ్ళున్నది ఆ ఊళ్ళోనే. జో సైమన్ దర్జీ కొడుకు. జాక్ కిర్బీ అసలు పేరు జేకబ్ కుర్ట్‌జ్‌బర్గ్, పెరిగింది లోయర్ ఈస్ట్ సైడ్ ఇరుకు గదుల్లో. ఇద్దరూ యూదులు. సైమన్ జ్ఞాపకాలు చదివితే తెలుస్తుంది: ఆఫీసుకి బెదిరింపు ఉత్తరాలు, ఫోన్లు వచ్చాయి, బయట ఎవరెవరో తచ్చాడేవారు, పోలీసు కాపలా పెట్టాల్సి వచ్చింది, మేయర్ లా గార్డియా స్వయంగా ఫోన్ చేసి ధైర్యం చెప్పాడు. అందరికీ నచ్చే మాటే చెప్పినవాడికి ఇన్ని బెదిరింపులు ఎందుకొస్తాయి?

గీతలమాస్టారు:
నేను బొమ్మలు వేసి బతికేవాణ్ణి. ఆ అట్టను గీసేవాడి కళ్ళతో ఒక్కసారి చూడండి. గుద్దు ఒక్కటే అందరికీ గుర్తు. నాజీల తుపాకులు పేలుతున్నాయి, ఒక తూటా డాలుకి తగిలి పక్కకు పోతోంది. గదిలో అమెరికా పటం, ఆ దేశంలో విధ్వంసానికి వేసిన పథకాల కాగితం. వెనక తెర మీద మందుగుండు ఫ్యాక్టరీ పేలుతోంది. అట్ట చెప్పేది "అక్కడికెళ్ళి కొట్టండి" అని కాదు, "శత్రువు మన ఇంట్లోనే ఉన్నాడు" అని. లోపలి కథల్లోనూ గూఢచారులే ఎక్కువ. అది భయం. నిజమైన భయం.

ఇంకొకటి. సైమన్ ముందు వెతికింది హీరోని కాదు, విలన్‌ని. హిట్లర్ కళ్ళముందే ఉన్నాడు, సరిపోయే హీరోని తర్వాత తయారుచేశారు. దాదాపు పది లక్షల కాపీలు అమ్ముడుపోయాయి. లాభాల్లో ఇస్తానన్న వాటా, ఈ పుస్తకం వేసిన టైమ్లీ కామిక్స్ యజమాని మార్టిన్ గుడ్‌మన్ సరిగా ఇవ్వలేదని ఇద్దరూ పదో సంచికతో బయటికొచ్చేశారు. నన్నడిగితే ఆ పది సంచికలే వాళ్ళ మాట. తర్వాతివి కంపెనీవి.

విశాఖతీరం:
మాస్టారూ, అక్కడే నాకు అభ్యంతరం. జపాన్ వాళ్ళని కోరపళ్ళతో రాక్షసుల్లా గీసిన యుద్ధకాలపు పేజీలు మీరే చూసి ఉంటారు. అవి కంపెనీవి అనేస్తే పోతుందా? రెండో సంచికలోనే, సైమన్, కిర్బీల చేతుల్లోనే, చావులేని తూర్పుదేశాల భూతాల్లాంటి మనుషుల కథ ఒకటుంది. ఆ మనుషులు ఏ తప్పు చేశారని? నాజీ ద్వేషాన్ని అంత స్పష్టంగా చూసిన కళ్ళే ఆసియా మనిషిని మనిషిగా చూడలేదు. నాకు ఇది బాధగా ఉంటుంది, ఎందుకంటే ఆ అట్టంటే నాకూ ఇష్టమే.

పాతపుస్తకాలపిచ్చి:
అమ్మా, మీరు చెప్పిన కథ నేనూ చదివాను. సమర్థించను. నేను కాదంటున్నది ఒక్కటే, ప్రభుత్వం పుట్టించిందన్న మాట. వీళ్ళు సైన్యంలోకి వెళ్ళింది ఆ తర్వాతే. సైమన్ కోస్ట్ గార్డ్‌కి వెళ్ళాడు, కిర్బీ పదాతిదళంలో. 1944 ఆగస్టులో నార్మండీలో దిగి, ఆ చలికాలం తడి బూట్లలో కాళ్ళు పాడై ఆసుపత్రిలో పడ్డాడు.

నిజాంపేటరీడర్:
అన్నా, పుట్టించింది ప్రభుత్వం కాదన్నది ఒప్పుకుంటున్నా, మా ఇంట్లో కూడా ఇకపై ఆ మాట అనను. కానీ యుద్ధం మొదలయ్యాక ఆ బొమ్మ ప్రచారానికి పనికొచ్చిందా లేదా అన్నది వేరే ప్రశ్న. 1953లో మళ్ళీ తెచ్చినప్పుడు అతని చేత కమ్యూనిస్టుల్ని కొట్టించారు. ఏడాదైనా నడవలేదు. ఆ సంచికలు చదివినవాళ్ళెవరైనా ఉంటే రాయండి, అది ఎందుకు పడిపోయిందో నాకు తెలుసుకోవాలని ఉంది.