స్క్రీన్‌ప్లేలో దృశ్యం రాయవలసింది రచయితా, దర్శకుడా?

తెల్లకాగితం: మొదటి స్క్రిప్టు రాస్తున్నాను. రిటైరైన ఆర్టీసీ కండక్టరు కథ. మొదటి సీనులో ఆయన కొడుకుతో "ముప్పై రెండేళ్లు టిక్కెట్లు కొట్టానురా" అంటాడు. చదువుకుంటే చప్పగా అనిపించి కొట్టేశాను. ఇప్పుడిలా ఉంది: భార్య కూరలకు డబ్బులిస్తుంది. ఆయన నోట్లను నిలువునా మడిచి వేళ్ల సందున ఇరికించుకుని, సంచి తగిలించుకుని బయలుదేరతాడు. మాట లేదు. ఒక మిత్రుడు చదివి, "ఇది నీ పని కాదు, దర్శకుడు చూసుకుంటాడు" అన్నాడు. నిజమేనా?

రెండుగళ్లు: నిజమే. ఇరవై ఏళ్లుగా మాటలు రాస్తున్నాను కాబట్టి చెబుతున్నాను. మన సినిమాల టైటిల్స్ చూడండి. కథ ఒకరిది, మాటలు ఒకరివి, స్క్రీన్‌ప్లే, దర్శకత్వం చాలాసార్లు ఒకే కార్డు మీద. పాతవాళ్లు కాగితాన్ని నిలువునా రెండు గళ్లు చేసి ఎడమవైపు దృశ్యం, కుడివైపు మాటలు రాసేవారు. నేనూ అలాగే నేర్చుకున్నాను. నా ఎడమ గడిలో "వరండా, పగలు, తండ్రి, కొడుకు" అని నాలుగు ముక్కలే ఉంటాయి. మిగతా ఖాళీ దర్శకుడిది. అందులో మనం వేలు పెట్టకూడదు.

నేలటికెట్టు: మరి 1987లో సింగీతం శ్రీనివాసరావు తీసిన మూకీ సినిమా పుష్పక విమానం సంగతేమిటి? కుడి గడి మొత్తం ఖాళీ కదా!

శబ్దగ్రహణం: అది మూకీ కాదు. మూకీ అంటే శబ్దపు పట్టీయే లేని సినిమా. ఇందులో పాత్రలు మాట్లాడుకోవు, అంతే. ఎల్.వైద్యనాథన్ సంగీతం ఉంది, వీధి రొద ఉంది. హోటల్ గది నిశ్శబ్దంలో నిద్రపట్టక, హీరో తన పాత గది పక్క సినిమా హాలు రొదను టేపులో పట్టి తెచ్చి, అది వింటూ నిద్రపోతాడు. మూకీలో ఈ సీను సాధ్యమా? దయచేసి మాట మార్చండి.

మూడోరీలు: పేరు ఏదైనా కానివ్వండి, ఆ టేపు సీనునే చూడండి. పేదరికం గురించి ఒక్క ముక్క లేదు. ఆ మనిషి ఎక్కడి నుంచి వచ్చాడో, ఎక్కడ ఇమడలేకపోతున్నాడో రెండూ తెలిసిపోయాయి. షూటింగు రోజు పొద్దున తట్టే ముచ్చటా ఇది? ముందు కాగితం మీద ఉండాలి. ఉంటేనే టేప్ రికార్డరు సెట్లోకి వస్తుంది.

రెండుగళ్లు: ఆ సినిమాకు రచయితా దర్శకుడూ ఒక్కరే. నేను చెప్పిందే మీరూ చెబుతున్నారు. మన తెలుగువాడికి ఇప్పటికీ నోట నానేది 1957 నాటి మాయాబజార్. పింగళి నాగేంద్రరావు మాటలు. అసమదీయులు, తసమదీయులు, దుష్టచతుష్టయం. చెప్పుకుంటున్నది మాటలా, బొమ్మలా?

మూడోరీలు: మంచి సినిమా ఎత్తారు. అందులో ప్రియదర్శిని పెట్టె గుర్తుందా? శశిరేఖ తెరిస్తే అభిమన్యుడు, బలరాముడు తెరిస్తే దుర్యోధనుడు, రేవతి తెరిస్తే నగలు, కృష్ణుడు తెరిస్తే శకుని. ఒక్కొక్కరి గురించి పేజీడు సంభాషణ రాయవలసింది పెట్టె మూత తీసి చూపించారు. ఇంతకంటే దృశ్యం ఏముంటుంది?

రెండుగళ్లు: ఎవరికి ఏది ప్రియమో అదే కనిపిస్తుందని ముందు మాటల్లో చెప్పకపోతే ఆ పెట్టె మీకేం తెలిసేది? పెట్టెలో శకుని ఎందుకున్నాడని హాలంతా గోక్కునేవారు.

మూడోరీలు: ఒక్క వాక్యం! ఆ ఒక్క వాక్యం పెట్టుబడి మీద నాలుగు పాత్రలు నడిచాయి.

క్లాపుబోర్డు: సహాయ దర్శకుడిని. దృశ్యం రాయండి, కాదనను. కానీ "అతని గుండెలో ఏళ్ల నాటి వాన కురుస్తోంది" అని ఒకాయన రాసిస్తే, ట్యాంకరు తెప్పించాలా వద్దా అని ప్రొడక్షన్ మేనేజరు నన్ను అడిగారు. కెమెరాకు కనబడేదే రాయండి.

గుంటూరు బండి: నోట్లు ఎడమచేతి వేళ్ల మధ్యే పెట్టాలి. మా నాన్న కండక్టరు.

మూడోరీలు: రెండుగళ్లు గారూ, ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. దృశ్యం పెరిగితే మాటల పేజీలు తగ్గుతాయి. మీ బాధ అదేనా?

రెండుగళ్లు: కోపం ఎందుకు రాదండీ? నాకు దృశ్యం రాయడం చేతకాదనుకుంటున్నారా? తొమ్మిదేళ్ల కిందట ఒకటి రాశాను. అత్తగారి కర్మకాండ అయిపోయింది. ఇల్లంతా చుట్టాలు. కోడలు అలవాటుగా అత్తగారి కళ్లజోడు కొంగుతో తుడిచి, మంచం పక్కన పెడుతుంది. పెట్టాక చెయ్యి ఆగుతుంది. అంతే సీను. నిర్మాతకు కథ వినిపిస్తున్నాను. "ఇక్కడ కోడలు ఏమంటుంది?" అన్నారు. ఏమీ అనదండీ అన్నాను. "మాటల రచయితవి, మాటలు లేకుండా రాయడం ఏమిటయ్యా" అని గదిలో అందరూ నవ్వారు. ఆ సీను మాత్రం తీశారు. పత్రికలన్నీ దర్శకుడి చూపును మెచ్చుకున్నాయి. నాకు మాటలకే డబ్బులిచ్చారు, ఆ సీనులో మాటల్లేవు. అప్పటి నుంచి నా ఎడమ గడి ఖాళీ. అది వినయం కాదు.

మూడోరీలు: ఇది మొదటి జవాబులోనే చెప్పవలసింది. వాళ్లు మీ పేరు వెయ్యలేదని ఈ కుర్రవాడిని రాయొద్దనడం ఏమి న్యాయం? పేరు అడగమనండి.

రెండుగళ్లు: అడిగాను. తర్వాతి సినిమాకు పిలుపు రాలేదు.

నేలటికెట్టు: ఆ కళ్లజోడు సీను నేను చూశాను. మీదని తెలియదు.

తెల్లకాగితం: రెండుగళ్లు గారూ, వచ్చే వారం ఒక నిర్మాతకు కథ చెప్పాలి. ఆయన చదవరట, వింటారట. కండక్టరు సీను నోటితో ఎలా చెప్పాలి? చెబితే మళ్లీ మాటలైపోతుంది కదండీ.

రెండుగళ్లు: చెప్పకండి. జేబులోంచి రెండు మూడు నోట్లు తీసి, వాళ్ల ఎదుటే నిలువునా మడిచి వేళ్ల మధ్య పెట్టుకోండి. కొత్త నోట్లు వద్దు, జారిపోతాయి. నిర్మాత ఫోనులోంచి తలెత్తేవరకు నోరు విప్పకండి. లోపలికి వెళ్లే ముందు స్క్రిప్టు మొత్తం మీ పేరుతో రచయితల సంఘంలో రిజిస్టరు చేయించండి, ఎడమ గడితో సహా.

శబ్దగ్రహణం: నేలటికెట్టు గారూ, పైన "మూకీ" ఇంకా అలాగే ఉంది.