రొయ్య పెంకుల కార్బన్ ప్లాటినానికి బదులవుతుందా?

తీరవాసి:
భీమవరం వైపు రొయ్యల ప్లాంట్లలో తలలు, పెంకులు గుట్టలుగా మిగిలిపోతాయి. పెంకులోని కైటిన్‌లో నైట్రోజన్ సహజంగానే ఉంటుంది. యాసిడ్‌లో వేసి సున్నం తీసేసి, గాలి తగలకుండా 800 డిగ్రీల దగ్గర కాలిస్తే నైట్రోజన్ కలిసిన కార్బన్ వస్తుంది. నీటి నుంచి హైడ్రోజన్ తీయడానికి అదే క్యాటలిస్ట్‌గా (చర్యను వేగంగా జరిపించే పదార్థంగా) పనికొస్తుంటే, ఆ పనికి వాడే ప్లాటినం, ఇరిడియం లోహాల కోసం దక్షిణాఫ్రికా గనుల మీద ఆధారపడటం ఎందుకు?

ఆనోడ్:
ఏ ఎలక్ట్రోడ్ మీద అండీ? అసలు గొడవంతా అక్కడే. హైడ్రోజన్ వచ్చే కాథోడ్ దగ్గరైతే ఒప్పుకుంటాను. ఆక్సిజన్ వచ్చే వైపు మాత్రం కార్బన్ తనే కాలిపోతుంది. నీరు విడిపోవడానికి కనీసం 1.23 వోల్టులు కావాలి, కార్బన్ ఆక్సీకరణకు 0.2 వోల్టులు చాలు. మామూలుగా ఆ చర్య నెమ్మదిగా సాగుతుంది కాబట్టి తెలియదు. 1.6 వోల్టుల దగ్గర గంటల తరబడి నడిపితే మీటరు చూపించే కరెంటులో కొంత ఆక్సిజన్‌ది కాదు, కార్బన్ డయాక్సైడ్‌ది. వచ్చే గ్యాస్‌ను కొలవని ఫలితాన్ని నేను నమ్మను.

ఇంకో మాట. క్షార ద్రావణంలో కరెంటుతో నీటిని విడగొట్టే యంత్రాలు (క్షార ఎలక్ట్రోలైజర్లు) దశాబ్దాలుగా నికెల్‌తోనే నడుస్తున్నాయి. పోల్చాల్సింది దానితో.

తీరవాసి:
అందుకే సముద్రపు నాచు సంగతీ చూడమంటున్నాను. అందులోని ఆల్జినేట్ అనే జిగురు పదార్థం నికెల్, ఇనుము అయాన్లను పట్టుకుంటుంది. కాల్చాక ఆ లోహం సన్నని కణాలుగా కార్బన్‌లో పరుచుకుంటుంది. పని చేసేది లోహమే అయినా, తక్కువ లోహంతో సరిపెట్టుకోవచ్చు కదా.

ల్యాబ్ మనిషి:
ఇద్దరూ వదిలేసింది ఒకటుంది. రెండో ఎలక్ట్రోడ్‌గా ప్లాటినం తీగ పెడితే అది కొంచెం కొంచెం కరిగి మన కార్బన్ మీద చేరుతుంది. క్యాటలిస్ట్ రోజురోజుకీ బాగుపడుతున్నట్టు కనిపిస్తుంది, ఆ మెరుగు పెంకుది కాదు, ప్లాటినానిది. గ్రాఫైట్ కడ్డీ పెట్టి చూడాలి.

వ్యర్థాల వాదన కూడా నాకు ఎక్కడం లేదు. ఎలక్ట్రోడ్ పూతకి చదరపు సెంటీమీటరుకి కొన్ని మిల్లీగ్రాములు చాలు, దానితో పెంకుల గుట్టలు తరగవు. గుట్టలు తరగాలంటే కైటిన్ నుంచి తయారయ్యే కైటోసాన్ తీయడం మేలు. కార్బన్‌లో సన్నని రంధ్రాలు రావడానికి కలిపే పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షారం చాలాసార్లు కార్బన్ కంటే ఎక్కువే పడుతుంది, కడిగిన నీళ్లు ఎక్కడికి పోతున్నాయో ఎవరూ రాయరు.

ఆనోడ్:
సరిగ్గా చెప్పారు. పేపర్లలో చదరపు సెంటీమీటరుకి 10 మిల్లీ ఆంపియర్ల కరెంటు దగ్గర ఫలితం చూపిస్తారు. ఫ్యాక్టరీలో 200 నుంచి 400 నడుస్తుంది. తీరవాసి గారూ, మీ కార్బన్‌ను కాథోడ్ మీద, ప్లాటినం లేని ఎలక్ట్రోడ్ ఎదురుగా, 300 దగ్గర 1000 గంటలు నడిపి, గ్రాఫ్‌లో పక్కనే నికెల్ ఫలితం గీత కూడా వేసి చూపించండి. అప్పుడు మాట్లాడుకుందాం.