తొలి తెలుగు రేడియో కేంద్రం విజయవాడా, హైదరాబాదా?

కృష్ణాతీరం:
మన రేడియో చరిత్ర రాసేవాళ్లలో చాలామంది 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం మొదలవడంతోనే కథ ఎత్తుకుంటారు. అంతకుముందే హైదరాబాదులో నిజాం సంస్థానపు దక్కన్ రేడియో ఉందిగదా అన్నది ఎప్పుడూ వచ్చే అభ్యంతరం. అయినా నా మాట విజయవాడ వైపే. దక్కన్ రేడియోలో పెద్దపీట ఉర్దూది. తెలుగుకీ, మరాఠీకీ, కన్నడానికీ దక్కింది మిగిలిన సమయమే. మద్రాసు కేంద్రంలోనైతే తెలుగు తన సమయాన్ని తమిళంతో పంచుకోవాలి. వేరే భాషల వార్తల రిలే మినహాయిస్తే, తెలుగు శ్రోత కోసమే పెట్టిన కేంద్రం విజయవాడ. బాలాంత్రపు రజనీకాంతరావు గారు డైరెక్టరుగా ఉన్న కాలం గుర్తు తెచ్చుకోండి. ఆదివారం మధ్యాహ్నం ఉషశ్రీ గారి రామాయణ, భారత ప్రవచనాలు వస్తుంటే ఇంట్లో సెట్టు లేనివాళ్లు పక్కింటి అరుగు మీద చేరేవాళ్లు. ఒక భాషకి పూర్తిగా సొంతమైన కేంద్రంలోనే అలాంటి పంట పండుతుంది.

గోల్కొండ శ్రోత:
మిగిలిన సమయం అని అంత తేలిగ్గా తీసెయ్యకండి. ఒక ప్రైవేటు ప్రయత్నంగా మొదలైన ఆ రేడియోని నిజాం సర్కారు 1935లో తన చేతిలోకి తీసుకుంది. విజయవాడలో మైకు తెరవడానికి ఎన్నో ఏళ్ల ముందే తెలుగు గడ్డ మీది నుంచి తెలుగు ప్రసారం జరిగింది. 1948 సెప్టెంబరు 17న నిజాం లొంగుబాటు ప్రకటన వచ్చిందీ ఆ రేడియోలోనే. 1950 ఏప్రిల్ 1న భారత ప్రభుత్వం తీసుకున్నాక అదే ఆకాశవాణి హైదరాబాదు అయింది. సంస్థానంలో పుట్టిందని దాని వయసు తగ్గించి రాస్తారా?

చెన్నపట్నం:
మద్రాసుని ఒకరు ఒక్క వాక్యంలో దాటేశారు, ఇంకొకరు ఊసే ఎత్తలేదు. 1938 జూన్ 16న మొదలైన ఆ కేంద్రం లేకపోతే విజయవాడకి మనుషులెక్కడి నుంచి వచ్చేవాళ్లు? రజని గారు 1941లో ఉద్యోగంలో చేరింది మద్రాసులోనే. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారు పిల్లల కార్యక్రమాలు నడిపిందీ ముందు అక్కడే, 1956 తర్వాతే హైదరాబాదులో.

కృష్ణాతీరం:
మద్రాసు శిక్షణ ఇచ్చింది, నిజమే. కానీ వినేవాడి వైపు నుంచి చూడండి. ఈ కేంద్రాలు వాడే మీడియం వేవ్ రేడియో తరంగం పగటిపూట నేలను అంటిపెట్టుకుని పోతుంది, దూరం పెరిగేకొద్దీ బలం తగ్గుతుంది. పొద్దుపోయాక ఆకాశంలో బాగా పైనున్న అయనోస్ఫియర్ అనే పొరకి తగిలి తిరిగొస్తుంది కాబట్టి దూరపు స్టేషన్లు రాత్రిళ్లు పలుకుతాయి, అదీ తేలిపోతూ, గరగరమంటూ. మద్రాసు నుంచి కృష్ణా జిల్లాకి నాలుగు వందల కిలోమీటర్లు. రైతుల కార్యక్రమం, స్త్రీల కార్యక్రమం పగలు శుభ్రంగా వినాలంటే ట్రాన్స్‌మిటర్ దగ్గర్లో ఉండాల్సిందే. ఆ లోటు తీర్చింది విజయవాడ. చరిత్రలో దక్కన్ రేడియోకి ముందు అధ్యాయం ఇవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. తెలుగు కేంద్రం అనే పేరు మాత్రం విజయవాడదే.

గోల్కొండ శ్రోత:
మీ దూరం లెక్కే తీసుకుందాం. నల్గొండ, మెదక్ పల్లెలకి దగ్గరి స్టేషన్ ఏది? హైదరాబాదే. అక్కడి శ్రోత తన భాషని రేడియోలో మొదట విన్నది అరగంటో గంటో ఉన్న ఆ కార్యక్రమాల్లోనే అయ్యుంటుంది. గంటలు తక్కువని ఆ శ్రోతని లెక్కలోంచి తీసెయ్యడానికి నేను ఒప్పుకోను.