లాక్‌డౌన్ ఎత్తేశారు, మేం ఎప్పటి నుంచి బయట తిరగొచ్చు?

అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్. ఈ 2021 జూన్ 20 నుంచి తెలంగాణలో కరోనా లాక్‌డౌన్ పూర్తిగా తీసేశారు కదా. మా వీధిలో చాట్ బండి దగ్గర అప్పుడే మునుపటి రద్దీ. మాకు మాత్రం గడప దాటాలంటే ఇంకా గుండె దడే.

ఇంట్లో నలుగురం. మా అత్తయ్యకు 64 ఏళ్లు, షుగర్ ఉంది. ఏప్రిల్ మధ్యలో కోవిషీల్డ్ మొదటి డోసు వేయించాం. 84 రోజుల గడువు పెట్టారు కాబట్టి రెండోది జూలైలోనే. నాకూ మావారికీ ఈ నెలలోనే మొదటి డోసు అయింది. పాపకు ఎనిమిదేళ్లు, పిల్లలకు టీకా ఇంకా రాలేదు.

అసలు టెన్షన్ శ్రావణంలో వరంగల్‌లో ఆడపడుచు కూతురి పెళ్లి గురించి. సొంత మేనకోడలు, వెళ్లకపోతే జీవితాంతం మాట పడాలి. అప్పటికి అత్తయ్యకు రెండో డోసు పడి రెండు వారాలు దాటుతుంది. కానీ ఏసీ ఫంక్షన్ హాలు, తలుపులన్నీ మూసేస్తారు. మాస్కు పెట్టుకున్నా బంతిలో కూర్చుంటే తీయక తప్పదు. తలంబ్రాలు చూసి, అక్షింతలు వేసి, భోజనం చేయకుండా వచ్చేస్తే ఏమైనా అనుకుంటారా? (అనుకుంటారు, తెలుసు.)

పొద్దున్నే పార్కులో నడక మొదలుపెట్టాం, అది ఫర్వాలేదనిపిస్తోంది. పాపను మాత్రం పక్కింటి పిల్లలతో ఆడుకోవడానికి ఇంకా పంపడం లేదు, రోజూ ఏడుస్తోంది.

ఇంట్లో పెద్దవాళ్లున్నవాళ్లు ఎలా నిర్ణయించుకుంటున్నారు? కేసులు చూసా, డోసులు చూసా? పెళ్లికి అత్తయ్యను తీసుకెళ్లమంటారా?